రెండోసారి కూడా స్టేజి ఇచ్చినాయన: సీబీజీబీ క్లబ్ కథ, హన్మకొండకు పనికొచ్చే సంగతులు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. న్యూయార్క్‌లోని సీబీజీబీ అనే చిన్న క్లబ్బుకు అంత పేరు ఎలా వచ్చింది, అంత పేరున్న క్లబ్ ఎందుకు మూతపడింది, నయీంనగర్‌లో కేఫ్ పైన మీ నలుగురికి దొరికిన హాల్లో అలాంటిది నడపగలరా అని అడిగావు. మొదటి రెండిటికీ చరిత్రలో జవాబుంది. మూడోదానికి నా అనుభవంలోంచి చెబుతాను.

నేను హన్మకొండలో ముప్పై ఏళ్లకు పైగా సౌండ్ పని చేస్తున్నాను. మైక్‌సెట్ షాపులో వైర్లు చుట్టే పిల్లాడిగా మొదలుపెట్టాను. ఒక అహూజా ఆంప్లిఫయర్, రెండు హారన్లు, ఒక రిక్షా, అప్పట్లో మా సామానంతా అదే. తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రాలు, గణపతి నవరాత్రులు, కాలేజీ యానివర్సరీలు, ఉద్యమం రోజుల్లో ధూంధాంలు, అన్నిటికీ బాక్సులు పెట్టాను. 1990ల్లో ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి నిట్‌లో, ఒక ప్రోగ్రాంకు సౌండ్ పెట్టినప్పుడు గిటార్ వాయించే పిల్లాడొకడు నాకు రామోన్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ క్యాసెట్ ఇచ్చాడు. అందులో ప్రతి పాటా రెండు, రెండున్నర నిమిషాలే. ఇంత తక్కువలో ఇంత గట్టిగా ఎలా వాయించారా అని ఆశ్చర్యపోయాను. వాళ్లు ఎక్కడ పుట్టారో వెతుక్కుంటూ పోతే సీబీజీబీ దొరికింది. అప్పటినుంచి దాని గురించి కనిపించిందల్లా చదివాను. 2018లో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ చోటికి కూడా వెళ్లి వచ్చాను. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు క్లబ్ పెట్టినాయన గురించి తెలియాలి. పేరు హిల్లీ క్రిస్టల్. 1931లో పుట్టాడు. పెరిగింది న్యూజెర్సీలో హైట్స్‌టౌన్ దగ్గర ఒక పొలంలో. ఇవాళ ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాడు. రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో కోరస్ పాడాడు. విలేజ్ వాన్‌గార్డ్ అనే పేరున్న జాజ్ క్లబ్బుకు మేనేజర్‌గా చేశాడు. అంటే సంగీతం తెలియని బారు ఓనరు కాదు. స్టేజి మీద నిలబడి పాడితే కాళ్లు ఎలా వణుకుతాయో తెలిసిన మనిషి. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

న్యూయార్క్‌లోనే గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో ఆయనకు అంతకుముందే ఒక చోటు ఉండేది. చప్పుడు ఎక్కువైందని ఇరుగుపొరుగు ఫిర్యాదులు చేయడంతో అది మూతపడింది. ఇక మిగిలింది బోవరీ వీధిలోని బారు. అప్పట్లో బోవరీ అంటే ఇల్లూ వాకిలీ లేనివాళ్లు, తాగి పడిపోయినవాళ్లు, రాత్రికి ఇంత అని మంచం అద్దెకిచ్చే చవక లాడ్జీలు. ఆ క్లబ్ పైన కూడా అలాంటి లాడ్జి ఒకటి ఉండేది. మంచి కుటుంబాలవాళ్లు అటువైపు అడుగుపెట్టేవాళ్లు కాదు. అందుకే అక్కడ అద్దె తక్కువ, చప్పుడని ఫిర్యాదు చేసేవాళ్లూ తక్కువ. క్లబ్ అక్కడ బతకడానికి సగం కారణం ఈ రెండే.

1973 డిసెంబరులో ఆ బారుకు సీబీజీబీ అని పేరు పెట్టాడు. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే మూడు రకాల అమెరికన్ సంగీతాల అక్షరాలు అవి, బ్లూగ్రాస్‌కు బీ, జీ రెండూ. కింద ఓఎంఎఫ్‌యూజీ అని ఇంకో ఐదు అక్షరాలు కూడా ఉంటాయి. సంగీతాన్ని తిండిపోతుల్లా ఆరగించేవాళ్లను ఉత్సాహపరిచే ఇంకో రకం సంగీతం అని దాని అర్థం. ఆయన మనసులో ఉన్నది పల్లె సంగీతం. ఆయన చోటుకు పేరు తెచ్చింది మాత్రం పంక్ రాక్, అంటే చిన్న పాటలు, గట్టిగా, వేగంగా వాయించే మోటు రాక్ సంగీతం. తను అనుకున్నది రాలేదని తలుపు వేసుకోలేదు, వచ్చినవాళ్లను లోపలికి రానిచ్చాడు.

ఎలా రానిచ్చాడో చెప్పే ముచ్చట ఒకటి ఉంది, చాలామంది చెప్పుకుంటారు. హిల్లీ నిచ్చెనెక్కి గుమ్మం మీద పేరున్న పందిరి గుడ్డ బిగిస్తున్నాడు. టెలివిజన్ అనే కొత్త బ్యాండ్ కుర్రాళ్లు అటుగా పోతూ ఆగి, ఇక్కడ ఏ సంగీతం పెడతారని అడిగారు. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అన్నాడాయన. మేం వాయించేదీ అదే అన్నారు వాళ్లు. అది నిజం కాదు, ఒక స్టేజి కావాలి వాళ్లకు, అంతే. టెరీ ఆర్క్ అని వాళ్ల మేనేజర్ కూడా వెంటపడ్డాడు. 1974 మార్చి 31, ఆదివారం నాడు టెలివిజన్ అక్కడ మొదటిసారి వాయించింది. వచ్చినవాళ్లు తక్కువ, బారులో అమ్ముడైంది ఇంకా తక్కువ. బ్యాండ్ అస్సలు బాగాలేదని హిల్లీయే తర్వాత చెప్పాడు.

ఇక్కడ ఆగి ఆలోచించు. మన దగ్గర ఏమవుతుంది? నా కళ్ల ముందు ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ప్రోగ్రాం తేలిపోయిందంటే ఆ ఆర్కెస్ట్రాను ఇంక పిలవరు. హిల్లీ మాత్రం టెరీ ఆర్క్ బతిమాలితే ఇంకో తేదీ ఇచ్చాడు. ఈసారి న్యూయార్క్‌లోనే క్వీన్స్ అనే ప్రాంతం నుంచి ఇంకో బ్యాండ్‌ను కూడా తెస్తానన్నాడు ఆర్క్. వాళ్లే రామోన్స్. 1974 ఆగస్టు 16న మొదటిసారి ఆ స్టేజి ఎక్కారు. వాళ్లు ఇంకా ఘోరం. పాట మధ్యలో ఆగిపోయేవాళ్లు, సామాను పాడయ్యేది, తర్వాత ఏ పాట వాయించాలో తేలక స్టేజి మీదే ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లు. మీరు ఎవరికీ నచ్చరు కానీ మళ్లీ రండి అనే అర్థం వచ్చేలా హిల్లీ వాళ్లతో అన్నాడట.

మళ్లీ రండి. నన్నడిగితే ఆ క్లబ్ చరిత్రంతా ఆ మాటలోనే ఉంది.

ఏడాదిన్నర పాటు వాళ్లు అదే స్టేజి మీద మళ్లీ మళ్లీ వాయించారు. 1976 ఫిబ్రవరిలో స్టూడియోకు వెళ్లేసరికి ఆ పాటల్లో తీసేయాల్సినవన్నీ తీసేసి ఉన్నారు. మొదటి ఆల్బం వారం రోజుల్లో, సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో అయిపోయింది. 14 పాటలు, అంతా కలిపి 29 నిమిషాలు. నాకు దొరికిన క్యాసెట్ అదే. అంత గట్టిగా ఎలా ఉందో నాకప్పుడు అర్థం కాలేదు కానీ తర్వాత అర్థమైంది. జనం ముందు వంద రాత్రులు వాయిస్తే పాటలో ఎక్కడ జనం చూపు పక్కకు పోతుందో మనకే తెలిసిపోతుంది. ఆ ముక్క కోసేస్తాం. ఇంట్లో ప్రాక్టీసు చేస్తే ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

1975 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాటీ స్మిత్, టెలివిజన్ కలిసి వరుసగా ఏడెనిమిది వారాలు అక్కడ వాయించారు. వారానికి నాలుగు రాత్రులు, రాత్రికి రెండు సెట్లు. ఆమె కవిత్వం చదివే మనిషిగా మొదలైంది, పక్కన గిటార్, పియానో. ఆ వారాల్లోనే ఆమె బృందం నిజమైన రాక్ బ్యాండ్‌గా గట్టిపడింది. అదే ఏడాది రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది, ఏడాది చివర్లో మొదటి ఆల్బం వచ్చింది. జూన్‌లో టాకింగ్ హెడ్స్ రామోన్స్‌కు ముందు వాయించే చిన్న బ్యాండ్‌గా వచ్చింది. బ్లాండీ అనే బ్యాండ్ కూడా ఆ స్టేజి మీదే రాటుదేలింది. ఆ ఎండాకాలం రికార్డు కంపెనీల ఒప్పందం లేని బ్యాండ్ల కోసం హిల్లీ ఒక ఉత్సవం పెట్టాడు. సుమారు 40 బ్యాండ్లు వాయించాయి. పత్రికలవాళ్లు వచ్చారు, రాశారు. ఆ తర్వాతే ప్రపంచం అటు తిరిగి చూసింది.

ఇంకో క్లబ్ గురించి ఒక్క మాట చెబుతాను. ఇంగ్లండులో లివర్‌పూల్‌లో కావర్న్ అని నేలమాళిగలో ఒక క్లబ్ ఉండేది. అందులో బీటిల్స్ 1961 ఫిబ్రవరి నుంచి 1963 ఆగస్టు వరకు 292 సార్లు వాయించారని లెక్క చెబుతారు. ఊరు వేరు, సంగీతం వేరు, సంగతి మాత్రం అదే. మన ధూంధాం కళాకారులనే చూడు. ఇవాళ జనగామ, రేపు పరకాల, ఎల్లుండి హుజూరాబాద్. అదే పాట, వేరే జనం. నేను స్టేజి పక్కన మిక్సర్ దగ్గర కూర్చుని విన్నాను కదా. మొదటి వారం ఉన్న చరణం నెల తర్వాత ఉండేది కాదు. జనం ఎక్కడ చప్పట్లు కొట్టారో అక్కడ కోరస్ పెరిగేది. ఎక్కడ గుసగుసలు మొదలయ్యాయో అక్కడ రెండు లైన్లు ఎగిరిపోయేవి.

ఇక హిల్లీ పెట్టిన షరతులు. రెండే రెండు ముఖ్యం. బ్యాండ్ తన సొంత పాటలే వాయించాలి, తన సామాను తనే మోసుకోవాలి. అరకొరగా ఒకటీ రెండూ వేరేవాళ్ల పాటలు వాయిస్తే ఏమీ అనేవాడు కాదు కానీ, ఎవరి పాటలో వాయించి బతికే బ్యాండ్లకు చోటు లేదు. వేరేవాళ్ల పాటలు వాయిస్తే హక్కుల సంస్థకు రాయల్టీ కట్టాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ షరతు పెట్టాడని కూడా చెబుతారు. కారణం ఏదైనా ఫలితం మంచిదే అయింది. సొంత పాట ఉన్నవాడికి ఊళ్లో ఎక్కడా చోటు లేని రోజుల్లో, సొంత పాట ఉంటేనే చోటు అన్నాడు.

నీకు ఇది నేరుగా పనికొస్తుంది. మన దగ్గర కూడా రెస్టారెంట్లో, కేఫ్‌లో సినిమా పాటలు వాయిస్తే ఐపీఆర్‌ఎస్ లాంటి పాటల హక్కుల సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలో పెళ్లికి, మతపరమైన వేడుకకు మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన ప్రోగ్రాంకు అది వర్తించదు. మీరు రాసుకున్న పాటలు, మీ అమ్మమ్మ నాట్లు వేస్తూ పాడిన పాటలు ఎన్నైనా పాడుకోండి. మరొకరు యూట్యూబ్‌లో పెట్టిన జానపదానికి మాత్రం జాగ్రత్త. పాట పాతదే అయినా దాని బాణీ, కొత్త చరణాలు వాళ్లవి అయి ఉండొచ్చు.

డబ్బు సంగతి. గేటు దగ్గర వసూలైంది బ్యాండ్‌కు, బారులో వచ్చింది హిల్లీకి. ఎవరికీ అనుమానం లేని లెక్క. దీన్ని మక్కీకి మక్కీ ఇక్కడ దించకు. బారు లైసెన్సు అంటే ఏడాదికి లక్షల్లో ఫీజు. పైగా బారు అన్నాక అమ్మాయిలు రారు, ఇళ్లలో పంపరు. మీకు కింద కేఫ్ ఎలాగూ ఉంది. 80 మంది వస్తారనుకో, మనిషికి 100 రూపాయలు, అంటే 8,000. అది పూర్తిగా వాయించినవాళ్లదే అని మొదటి రోజే చెప్పేయండి. చాయ్, సమోసా, బిర్యానీ మీద కేఫ్ ఓనరు బతకాలి. ఆయనకు ఇష్టం లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి, నెలకే గొడవలొస్తాయి.

టైమింగ్ గురించి సీబీజీబీ చరిత్రలోనే ఒక మంచి ఉపాయం ఉంది. 1980ల్లో అక్కడ ఆదివారాలు మధ్యాహ్నం హార్డ్‌కోర్ బ్యాండ్ల, అంటే పంక్‌లోనే ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా వాయించేవాళ్ల ప్రోగ్రాంలు ఉండేవి. స్కూలు పిల్లలు కూడా రావచ్చు. ఒక తరం కుర్రాళ్లంతా ఆ ఆదివారాల్లోనే బ్యాండ్లు కట్టుకున్నారు. తర్వాత తోపులాటలు, కొట్లాటలు పెరిగి 1990లో హిల్లీయే ఆపేశాడు. ఆ కొట్లాటలు వదిలేసి, మధ్యాహ్నం అన్న ఆలోచన తీసుకో. హన్మకొండలో, కాజీపేటలో హాస్టళ్లలో ఉండే పిల్లలు ఎన్ని వేలమందో నీకు తెలుసు. అమ్మాయిల హాస్టల్ గేటు చీకటి పడగానే మూస్తారు. ఆదివారం మూడింటికి మొదలై ఆరింటికి అయిపోతే అందరూ రాగలరు. పోలీసుల టెన్షన్ కూడా ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. మూసి ఉన్న ఆడిటోరియం, ఫంక్షన్ హాలు లాంటి వాటికి మినహాయింపు ఉంది కానీ, చప్పుడు బయటికి పోతే ఫిర్యాదు రాకమానదు. హిల్లీ మొదటి చోటు అలాగే పోయిందని పైన చెప్పాను.

ఇప్పుడు నా పని, సౌండ్. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలా చోట్ల లైవ్ మ్యూజిక్ చచ్చిపోయేది ఇక్కడే.

సీబీజీబీ చూడ్డానికి మురికిగా ఉండేది. గోడల నిండా స్టిక్కర్లు, రాతలు. బాత్రూం సంగతి అయితే ప్రపంచమంతా తెలుసు, 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పంక్ దుస్తుల ప్రదర్శనకు దాని నమూనాను కట్టి చూపించారు. కానీ అక్కడ వాయించినవాళ్లు క్లబ్ సౌండ్‌ను మాత్రం మెచ్చుకుంటారు. హిల్లీ సోఫాల మీద, టైల్స్ మీద పెట్టని డబ్బు సౌండ్ సిస్టం మీద పెట్టాడు. 1976లో అక్కడే రికార్డు చేసిన పాటలతో రెండు రికార్డుల డబుల్ ఎల్పీ ఒకటి వచ్చిందంటే ఆ గది ఎలా పలికేదో ఊహించుకో.

మన దగ్గర తలకిందులు. హంటర్ రోడ్డులో ఏ ఫంక్షన్ హాలుకైనా పో. కింద గ్రానైట్, పక్కన అద్దాలు, పైన పీఓపీ సీలింగ్. కంటికి బాగుంటుంది, చెవికి నరకం. మీ హాలు పొడవుగా, సన్నగా ఉందని రాశావు. వెనక గోడ స్టేజికి 17 మీటర్ల దూరంలో ఉందనుకో. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. గోడ దాకా పోయి తిరిగి రావడానికి 34 మీటర్లు, అంటే సెకనులో పదో వంతు. మన చెవి ఆ మాత్రం తేడాను విడిగా పట్టేస్తుంది. డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద ఒక దెబ్బ కొడితే అతనికి రెండు వినిపిస్తాయి. రెండోదాన్ని చూసి వేగం తగ్గిస్తాడు. సింగర్‌కు తన మాట తనకే అర్థం కాక గొంతు పెంచుతుంది. గొంతు పెంచితే మనం మైకు తగ్గిస్తాం, వినపడటం లేదని మానిటర్ (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే బాక్సు) పెంచమంటుంది, మానిటర్ పెంచితే మైకు కూత పెడుతుంది. అక్కడితో ఆ సాయంత్రం అయిపోయినట్టే. తప్పు బ్యాండ్‌ది కాదు, గోడది.

దీనికి ఖరీదైన ఫోమ్ అక్కర్లేదు. చాలా ఏళ్ల కింద మడికొండ దగ్గర ఒక హాల్లో ఇదే ఇబ్బంది వస్తే నేను వెనక గోడకు మా ఇంట్లోని బొంతలు, పక్కింటివాళ్ల బొంతలు కలిపి పదకొండు వేలాడదీశాను. పాత చీరలు ఏడెనిమిది పొరలు వేసి కుట్టిన బొంత హై ఫ్రీక్వెన్సీని, అంటే సన్నటి కీచు శబ్దాలను బాగానే మింగుతుంది. అలా కాకుండా చూడముచ్చటగా ఉండాలంటే మన కొత్తవాడ ఉంది. అక్కడ నేసే వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లిళ్లలో కింద పరిచే ఆ జంపఖానాలే మందమైనవి తీసుకుని, గోడకు ఆనించకుండా జానెడు దూరంలో వేలాడదీయండి. ఆ ఖాళీయే ముఖ్యం. గుడ్డ గోడకు అంటుకుని ఉంటే సగం పని కూడా చేయదు. బేస్ దీనితో తగ్గదు, దానికి సబ్ ఊఫర్ (బేస్ కోసం విడిగా పెట్టే పెద్ద బాక్సు) తీసేయడమే మందు. 80 మంది కూర్చునే హాలుకు సబ్ ఊఫర్ అవసరం లేదు, డీజే అలవాటుతో పెడతారు కానీ.

స్టేజి ఎత్తు అడుగు చాలు. బాక్సులు జనం చెవుల కన్నా కొంచెం పైన పెట్టి కిందికి వంచండి, వెనక గోడకు నేరుగా కొట్టకుండా ఉంటుంది. మానిటర్లు రెండు తప్పనిసరి. డబ్బు తక్కువైతే ముందు బాక్సులు చిన్నవి తీసుకోండి, మానిటర్లు మాత్రం మానేయకండి. వాయించేవాడికి తన పాట వినపడకపోతే ఎదుటివాడికి ఏం వినిపించినా వృథా.

నీకు ఒక సంగతి చెప్పాలి, దీనికోసమే ఇంత రాస్తున్నాను. ఇరవై ఏళ్ల కింద కాజీపేటలో నలుగురు పిల్లలు సైకిల్ షాపు మీద డాబా పైన ప్రాక్టీసు చేసేవాళ్లు. రైల్వే క్వార్టర్ల పిల్లాడు గిటార్, ఒక అమ్మాయి పాట. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించి సామాను కొనుక్కున్నారు. వాళ్లకు సొంత పాట ఒకటి ఉండేది, వానాకాలం చెరువు నిండటం మీద. ఒక కాలేజీ యానివర్సరీలో ఆ పాట వాయించే అవకాశం వచ్చింది. నేనే మిక్సర్ మీద ఉన్నాను. మొదటి చరణం అయ్యాక రెండో చరణంలో ఆ అమ్మాయి లైను మరిచిపోయింది. గిటార్ వాయించేవాడు ఆగలేదు, డ్రమ్మర్ ఆగాడు. ముందు వరసలో ఎవరో సినిమా పాట వేయండి అని అరిచారు. నేను మిక్సర్‌లో ఆమె మైకు ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) మీద వేలు పెట్టి చూస్తున్నాను. ఆమె మైకు స్టాండును రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది, తర్వాత మళ్లీ అందుకుని పాట పూర్తి చేసింది. చివరి చరణం ఎంత బాగా పాడిందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ పాట మళ్లీ ఎక్కడా వినలేదు. ఆ కాలేజీవాళ్లు మరుసటి ఏడు డీజే పెట్టారు. నేను కూడా ఎక్కడా ఇంకో స్టేజి చూపించలేకపోయాను, నా చేతిలో స్టేజి లేదు, సామాను మాత్రమే ఉంది. ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఆ రోజు వాళ్లు వాయించింది, 1974 ఆగస్టులో రామోన్స్ వాయించినదానికన్నా ఎంతో నయం. ఈ మాట ఊరికే అనడం లేదు. పాట మధ్యలో ఆగిపోవడం ఇద్దరికీ జరిగింది. తేడా ఏంటంటే అక్కడ తర్వాతి వారం ఇంకో తేదీ ఉంది.

మన దగ్గర స్టేజీలు లేవని కాదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది, 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, నిట్‌లో స్ప్రింగ్ స్ప్రీ ప్రతి ఏడూ జరుగుతుంది. అవన్నీ కావాలి. కానీ అవి ఏడాదికి ఒకసారి కొత్త బట్టలు వేసుకుని వెళ్లే చోట్లు. తప్పులు చేయడానికి వారం వారం వెళ్లే చోటు ఒకటి ఉండాలి. ఏడాదికి ఒక్కసారి ఎక్కే స్టేజి మీద ఎవరైనా తెలిసిన సినిమా పాటే వాయిస్తారు, సొంత పాటతో సాహసం చేయరు.

ఇక మూతపడటం. ఇది నువ్వు జాగ్రత్తగా చదవాలి. సీబీజీబీ జనం రాక మూతపడలేదు, అద్దె దగ్గర మూతపడింది. ముప్పై ఏళ్లలో బోవరీ మారిపోయింది. ఆ క్లబ్బు వల్లే అక్కడికి జనం రావడం మొదలై, చుట్టూ ఖరీదైన ఇళ్లు వచ్చాయి. భవనం లీజు బోవరీ రెసిడెంట్స్ కమిటీ అనే సంస్థ చేతిలో ఉండేది. అది ఇల్లు లేనివాళ్లకు ఆశ్రయం ఇచ్చే సంస్థ, దాని అవసరాలు దానివి. 2005లో అద్దె బాకీ 91,000 డాలర్లు ఉందని వివాదం వచ్చింది. నెలకు సుమారు 19,000 డాలర్లుగా ఉన్న అద్దె 35,000 దాకా పోతుందన్న మాట వచ్చింది. బాకీ విషయంలో కోర్టు తీర్పు క్లబ్బుకే అనుకూలంగా వచ్చింది. కానీ లీజు గడువు ఆ ఆగస్టుతో అయిపోయింది, దాన్ని పొడిగించలేదు. కేసు గెలిచినా చోటు నిలవలేదు. చివరికి 2006 అక్టోబరులో ఖాళీ చేయడానికి ఒప్పుకున్నారు.

2006 అక్టోబరు 15, ఆదివారం రాత్రి చివరి ప్రోగ్రాం. వాయించింది పాటీ స్మిత్, ముప్పై ఒక్కేళ్ల కింద అదే స్టేజి మీద వారాల తరబడి వాయించిన మనిషి. టెలివిజన్ గిటారిస్టు రిచర్డ్ లాయిడ్ కూడా వచ్చి కలిశాడు. అంతా అయ్యాక ఆమె చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివింది. జోయీ, డీడీ, జానీ రామోన్‌ల పేర్లు అందులో ఉన్నాయి. ముగ్గురూ 2001 నుంచి 2004 లోపే పోయారు. మరుసటి ఏడు, 2007 ఆగస్టు 28న హిల్లీ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. చివరి ఏళ్లలో ఆ క్లబ్ పేరున్న టీషర్టుల అమ్మకాలే దానికి పెద్ద ఆధారం. టీషర్టు వేసుకున్నవాళ్లలో చాలామంది ఆ గడప తొక్కి ఉండరు.

2018లో నేను వెళ్లేసరికి అది జాన్ వార్వేటోస్ అనే ఖరీదైన బట్టల షాపు. 2008లోనే తెరిచారు. మా అమ్మాయి బయటే ఉంటానంది, నేను లోపలికి పోయాను. తోలు జాకెట్ల వెనక పాత గోడ ముక్కను పోస్టర్లు, స్టిక్కర్లతో సహా అలాగే ఉంచారు. ఒకదాని మీద ఒకటి, కింద ఎన్ని పొరలు ఉన్నాయో తెలియనంత మందంగా అంటించి ఉన్నాయి. చాలా బ్యాండ్ల పేర్లు నేను ఎన్నడూ విననివి. ప్రతి స్టిక్కరూ ఒక రాత్రి అక్కడ వాయించి, బయటికి పోతూ ఎవరో అంటించినది. పేరొచ్చినవాళ్లు పదిమంది, మిగతా వాళ్లంతా ఆ గోడ. అలవాటు కొద్దీ ఒకసారి మెల్లగా చప్పట్లు కొట్టి విన్నాను. గది ఇంకా బాగా పలుకుతోంది. సేల్స్ అబ్బాయి నావైపు చూసి ఏమీ అనలేదు, నాలాంటివాళ్లు రోజూ వస్తుంటారేమో.

అందుకే మీ హాలు అగ్రిమెంట్ గురించి గట్టిగా చెబుతున్నా. మన దగ్గర అలవాటుగా 11 నెలల అగ్రిమెంట్ రాస్తారు, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని. మేము ఒకప్పుడు ప్రాక్టీసు రూమ్ ఒకటి అలాగే తీసుకున్నాం. సీలింగ్ వేయించుకున్నాం, కరెంటు లైను వేరే లాగించుకున్నాం. 11 నెలలు కాగానే ఓనరు అద్దె రెట్టింపు అడిగాడు, ఇవ్వలేక దిగిపోయాం. సీలింగ్ అక్కడే ఉండిపోయింది. మీరు రిజిస్ట్రేషన్ ఖర్చు భరించి కనీసం మూడేళ్లకు రాయించుకోండి, ఏటా ఎంత శాతం పెంచాలో అందులోనే ఉండాలి. అలా ఒప్పుకోకపోతే గోడకు మేకు కూడా కొట్టకండి, అన్నీ విప్పి తీసుకుపోయేలా పెట్టుకోండి. జంపఖానాలు అందుకే మేలు.

నడుస్తుందా అని అడిగావు కదా. ఒక్క బ్యాండ్‌తో నడవదు. మీలాంటి బ్యాండ్లు ఇంకో నాలుగైదు కావాలి, కరీంనగర్, మంచిర్యాల, ఖమ్మం నుంచి కూడా రానివ్వండి. ఒగ్గు కథ చెప్పేవాళ్ల పిల్లలు, డప్పు వాయించేవాళ్లు, చర్చి క్వయర్‌లో గిటార్ నేర్చుకున్నవాళ్లు, అందరికీ ఒకటే రూలు పెట్టండి: సొంత పాట, సొంత సామాను. మొదటిసారి ఎంత బాగోలేకపోయినా రెండో తేదీ అదే రోజు రాసి చేతికివ్వండి. మొదటి ఆరు ఆదివారాలకు నా పన్నెండు చానెళ్ల మిక్సర్, రెండు మానిటర్లు, నాలుగు మైకులు తెస్తాను, ఆటో కిరాయి మాత్రం మీరు పెట్టుకోండి. నేనే కూర్చుని ఆపరేట్ చేస్తాను, మీలో ఒకరు పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

హాలు పొడవు, వెడల్పు, సీలింగ్ ఎత్తు టేపుతో కొలిచి ఇక్కడ రాయి. కింద ఏం పరిచారో, వెనక గోడ ఎలా ఉందో రెండు ఫోటోలు పెట్టు. ఎన్ని జంపఖానాలు కావాలో లెక్క చెబుతాను, కొత్తవాడకు కలిసే పోదాం.